అసలు రంగు ఏది?

ప్రశ్న:

నాకు నలభై ఎనిమిదేళ్లు. తెనాలి దగ్గర ఒక ఊళ్లో ఉంటాం. డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా పెళ్లయింది, చదువు అక్కడితో ఆగింది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ ఇంటికి పెద్ద కోడలిని. మడి, నోములు, వ్రతాలు, పండక్కి వచ్చే నలభై మంది చుట్టాలకు వంటలు, అన్నీ అత్తగారి పద్ధతిలోనే నడిపాను. అందరికీ వడ్డించి ఆఖరున చల్లారిన అన్నం తింటున్నా ఒక తృప్తి ఉండేది. ఆవిడ చివరి నాలుగేళ్లు పక్షవాతంతో మంచంలో ఉంటే నేనే చూసుకున్నాను. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, తన తద్దినం ఏటా ఇంట్లోనే, మడి వంటతో, మానకుండా పెట్టించమని మాట తీసుకున్నారు. ఆవిడ పోయి మొన్న మాఘానికి రెండేళ్లు నిండాయి. రెండు తద్దినాలూ మాట ప్రకారమే జరిగాయి.

మొదటి ఏడాది ఏటి మైల కాబట్టి పండగలు లేవు. ఏడాది తిరిగాక మళ్లీ మొదలుపెట్టాలంటే నాకు మనసు రాలేదు. నమ్మకం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. పోయిన శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం చేయలేదు. ఎవరికీ ముందుగా చెప్పలేదు కూడా. ఆ సాయంత్రం తాంబూలానికి వచ్చిన ఇద్దరు ముత్తైదువలు గుమ్మంలోంచే వెనక్కి వెళ్లారు. ఇప్పుడు పొద్దున్నే నడకకు వెళ్తున్నాను, శాఖా గ్రంథాలయం నుంచి చరిత్ర పుస్తకాలు తెచ్చి చదువుతున్నాను, ఆగిపోయిన డిగ్రీ దూరవిద్యలో పూర్తి చేయాలని ఉంది. మా ఆడపడుచు అందరి ముందూ, "అమ్మ పోగానే వదిన అసలు రంగు బయటపడింది" అంది. మావారు ఏమీ అనరు, కానీ ఒకసారి "నువ్విలా ఉంటావనుకోలేదు" అన్నారు. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి ఈసారి తానే వ్రతం చేసుకుంటానని, విధానం చెప్పమని అడుగుతోంది. నమ్మకం లేనిదాన్ని, ఏ మొహంతో చెప్పను? తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి ఒకటే ఆలోచన. ఇరవై తొమ్మిదేళ్లు నటించానా, లేక ఇప్పుడు నటిస్తున్నానా? నా అసలు మనిషి ఎవరు? ఈ శ్రావణానికి ఏం చేయమంటారు?

— ఒక పెద్ద కోడలు

సమాధానం:

మీ ఉత్తరంలో మీ ఆడపడుచు మాట ఒక్కచోటే ఉంది, కానీ దాని నీడ ఉత్తరమంతా పరచుకుంది. ఆమె మీమీద ఒక నింద వేసింది. మీరు ఆ నిందను కాదన్నారు గాని, అందులోని "అసలు" అనే మాటను మాత్రం తీసుకుని మీ దగ్గరే ఉంచుకున్నారు. తెల్లవారుజామున మూడింటికి మిమ్మల్ని లేపి కూర్చోబెడుతున్నది ఆ మాటే. మనిషి లోపల ఎక్కడో మారని రంగు ఒకటి ఉంటుందనీ, పైన ఉన్నవన్నీ పూతలేననీ, ఏదో ఒక రోజున పూత రాలి అసలుది బయటపడుతుందనీ ఆ మాట మనల్ని నమ్మిస్తుంది. ఈ నమ్మకాన్ని ఒప్పుకున్నంత కాలం మీకు రెండే దారులు మిగులుతాయి. పాత మనిషి అబద్ధమనాలి, లేదా కొత్త మనిషి అబద్ధమనాలి. ఆ రెంటిలో ఏదీ నిజం కాదని నేను అనుకుంటున్నాను.

రంగు అన్నారు కాబట్టి రంగు గురించే చెబుతాను. నేను పెరిగిన ఊరు పెడనకు దగ్గర. అక్కడ కలంకారీ అద్దకం చేసే ఇళ్లలో చిన్నతనంలో గంటల తరబడి నిలబడి చూసేదాన్ని. గంజి పోయేలా ఉతికిన బట్టను ముందుగా కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరవేస్తారు, అప్పుడది లేత పసుపు ఛాయకు తిరుగుతుంది. తుప్పుపట్టిన ఇనుప ముక్కలనూ బెల్లాన్నీ నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన కసీంను అచ్చుతో ఆ బట్టమీద వేయగానే, కరక్కాయ తగిలిన కారణంగా గీతలు నల్లబడతాయి. ఎరుపు సంగతి ఇంకా ఆశ్చర్యం. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు అద్దుతారు, ఆ రోజున అక్కడ ఎరుపు జాడే ఉండదు. తరువాత బట్టను పారే నీటిలో జాడించి, రంగునిచ్చే వేళ్లూ చెక్కా వేసిన కాగులో మరిగించినప్పుడు, పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. ఇప్పుడు ఆ బట్ట అసలు రంగు ఏదని అడిగితే అద్దకం చేసే మనిషి ఏమని చెబుతాడు? ఆ ఎరుపు పైపైన పూసింది కాదు, ఉతికినా పోదు. మొదటి నుంచీ లోపల దాగి ఉన్నదీ కాదు, కాగులో మరగకపోతే వచ్చేదే కాదు.

నాలుగేళ్లపాటు మంచంలో ఉన్న మనిషికి నీళ్లు పోసి, పక్కకు ఒత్తిగిలించి, అన్నం ముద్దలు నోటికి అందించిన మనిషి ఆ నాలుగేళ్ల తరువాత అంతకుముందులాగే ఉంటుందని అనుకోవడమే తప్పు. ఏ పూజా తప్పించలేని బాధను మీరు అంత దగ్గరగా చూశారు. మీలో ఏ నమ్మకం ఎప్పుడు సడలిందో మీకు తెలియకపోవడంలో వింత లేదు, పటిక అద్దిన రోజున బట్టకు కూడా తెలియదు. మీ మార్పు అత్తగారు పోగానే మొదలైందని మీ ఆడపడుచు అనుకుంటోంది. అది ఆవిడ మంచం పక్కనే మొదలై ఉంటుందని నాకు అనిపిస్తోంది.

ఇక నటన సంగతి. లోపల ఒకటి ఉందని తెలిసి పైకి వేరొకటి చూపడాన్ని నటన అంటాం. పందొమ్మిది, ఇరవై ఏళ్ల వయసులో మడి కట్టుకుని వంటింట్లోకి వెళ్లిన ఆ అమ్మాయి లోపల వేరొకటి ఉందని తెలిసి వెళ్లిందా? చల్లారిన అన్నం తింటున్నా తృప్తి ఉండేదని మీరే రాశారు. మిమ్మల్ని మీరు దోషిగా నిలబెట్టుకునే తొందరలో ఆ వాక్యాన్ని రాసి, వెంటనే మరిచిపోయారు. నటించే మనిషికి అలసట ఉంటుంది, మెప్పు ఉంటుంది, చల్లారిన అన్నంలో తృప్తి మాత్రం ఉండదు.

అలాగని ఆ ఇరవై తొమ్మిదేళ్లూ ప్రేమతోనే చేశారని నేను అనను, మీరూ అనుకోవద్దు. అందులో కొంత ప్రేమ ఉంది, కొంత భయం ఉంది, మంచి కోడలనే పేరు కోసం పడిన తపన కొంత ఉంది, చదువు ఆగిపోయిన అమ్మాయికి ఆ ఇంట్లో గౌరవం సంపాదించుకునే మార్గం ఇంకొకటి లేకపోవడమూ ఉంది. డొనాల్డ్ వినికాట్ అనే బ్రిటిష్ మానసిక విశ్లేషకుడు 1960లో నిజమైన స్వత్వం, కల్పిత స్వత్వం అన్న విభజన చేస్తూ, ఎదుటివారి అవసరానికి తగ్గట్టు మనల్ని మనం మలుచుకునే అలవాటు పసితనంలోనే మొదలవుతుందని రాశాడు. అందరూ గుర్తుంచుకునేది ఆయన చెప్పిన జబ్బు గురించి, అంటే ఆ మలుచుకోవడం ముదిరితే మనిషికి తన బతుకే శూన్యంగా తోచడం గురించి. కానీ ఆరోగ్యవంతుడిలోనూ అది మర్యాద రూపంలో, నలుగురిలో మసలుకునే పద్ధతి రూపంలో ఉంటుందని కూడా ఆయన చెప్పాడు. సర్దుకుపోయిన ప్రతి సందర్భమూ ఆత్మద్రోహం కాదు.

అందుచేత గతాన్ని మొత్తంగా ఒప్పు అనో, మొత్తంగా తప్పు అనో తేల్చకండి. ఏదైనా ఒక శ్రావణ శుక్రవారాన్ని గుర్తుకు తెచ్చుకోండి. మీ అమ్మాయి ఒళ్లో ఉన్న ఏడాదో, అత్తగారు మొదటిసారి కలశం మీ చేత పెట్టించిన ఏడాదో, ఏదైనా ఒకటి. ఆ రోజు ఏ పని ఇష్టంగా చేశారు, ఏ పని పళ్ల బిగువున చేశారు, ఎవరి చూపుకు భయపడి చేశారు అన్నది విడివిడిగా కాగితం మీద రాయండి. ఎవరికీ చూపవద్దు. పిండివంటలు ఇష్టంగా చేసి ఉండవచ్చు, వచ్చినవాళ్లు పట్టుచీరల ధరలు మాట్లాడుకోవడం మాత్రం భరించలేకపోయి ఉండవచ్చు. ఇలా నాలుగైదు రోజుల గురించి రాస్తే, మీలో ఇప్పుడు పోయింది ఏది, ఇంకా ఉన్నది ఏది అన్నది మీకే తెలుస్తుంది. నమ్మకం పోయినచోట ప్రేమ కూడా పోయి ఉంటుందని మీరు భయపడుతున్నారు. నాకు మీ ఉత్తరంలో అలా కనిపించలేదు.

మారిన మనిషి, మారక ముందున్న మనిషి ఒకరేనా అన్న ప్రశ్న మీ ఒక్కరిదే కాదు. మీరు చరిత్ర చదువుతున్నారు కాబట్టి మిలిందుడి పేరు వినే ఉంటారు. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజు మినాండర్‌ను బౌద్ధులు ఆ పేరుతో పిలిచారు. ఆ రాజు నాగసేనుడనే భిక్షువును సరిగ్గా ఇదే అడుగుతాడు. దానికి నాగసేనుడు ఒక దీపాన్ని చూపుతాడు. రాత్రంతా వెలిగే దీపంలో తొలిజాము నాటి జ్వాల, నడిజాము నాటి జ్వాల ఒకటేనా అంటే రాజు కాదంటాడు. అయితే జాముకొక దీపం వెలిగిందా అంటే, అదీ కాదు, ఆ ఒక్క దీపాన్ని ఆధారం చేసుకునే రాత్రంతా వెలుగు ఉందంటాడు. నూనె మండిపోతూ ఉంటుంది, వత్తి కాలిపోతూ ఉంటుంది, ఆ మండిపోవడం వల్లనే వెలుగు నిలుస్తుంది. తెల్లవారుజామున ఉన్న జ్వాల నిజమని చెప్పడానికి సాయంత్రపు జ్వాలను అబద్ధమనవలసిన అవసరం లేదు.

ఈ ఆలోచనకు ఇంకో కొస కూడా ఉంది. అది మీకు అంతగా నచ్చకపోవచ్చు. ఇప్పుడున్న మీరు కూడా ఆఖరి మనిషి కారు. హార్వర్డ్‌లో పనిచేసే డేనియల్ గిల్బర్ట్ మరి ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలతో కలిసి 2013లో ఒక అధ్యయనం ప్రచురించాడు. అందులో 18 నుంచి 68 ఏళ్ల మధ్య వయసున్న 19,000 మందికి పైగా పాల్గొన్నారు. గత పదేళ్లలో మీరెంత మారారు అని అడిగితే చాలా మారామన్నారు. రాబోయే పదేళ్లలో ఎంత మారతారు అంటే పెద్దగా మారమన్నారు. ఆశ్చర్యమేమిటంటే ఇరవై ఏళ్లవాళ్లూ, యాభై దాటినవాళ్లూ కూడా అదే జవాబు చెప్పారు. ప్రతి ఒక్కరూ తమ చరిత్ర ఇవాళ్టితో పూర్తయిందనే అనుకున్నారు. యాభై ఎనిమిదేళ్ల వయసులో మీరు ఏం నమ్ముతారో మీకు ఇప్పుడు తెలియదు. అందుకని ఇవాళ్టి మార్పును అనుమానించవద్దు, కానీ దాన్ని శాసనంలా చెక్కించి గుమ్మానికి వేలాడదీయవద్దు.

ఇది నేను పుస్తకాల నుంచి చెప్పడం లేదు. నలభై ఒకటో ఏట నాకూ ఇలాంటి మార్పే వచ్చింది. అంతకుముందు పదిహేనేళ్లు నేను భక్తితో రాసుకున్న నోటుపుస్తకాలన్నీ ఒక మధ్యాహ్నం పెరట్లో తగలబెట్టాను. అది చూసి అడిగిన మా అమ్మతో అదంతా అజ్ఞానమని చెప్పాను. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. రోజూ దీపం పెట్టాక మంగళహారతి పాడే మనిషి, మర్నాటి నుంచి నేను ఇంట్లో ఉన్నప్పుడు పాడటం మానేసింది. నాకది చాలా నెలల తరువాత గాని తెలియలేదు. ఆరేళ్లకు అమ్మ పోయింది. ఆ గొంతు ఎక్కడా రికార్డు చేసి లేదు. నేను మారడంలో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను. నిన్నటి నన్ను అవమానిస్తే గాని ఇవాళ్టి నేను నిలబడలేనని అనుకోవడమే నా తప్పు.

ఇందుకు భిన్నంగా మారినవాళ్లూ మన ఎదుట ఉన్నారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు యౌవనంలో పెదవులు కలిపితే గాని పలకని అక్షరాలన్నీ వదిలేసి ఒక కావ్యం రాసిన గ్రాంథిక పండితుడు. అదే పంతులుగారు తాము కన్నుమూసిన 1919లో, వాడుక భాష కోసం రాజమండ్రిలో ఏర్పడిన సమాజానికి అధ్యక్షులుగా ఉన్నారు. అప్పటికి ఆయనకు డెబ్భై ఏళ్లు దాటాయి. వాడుక భాష వైపు రావడానికి ఆ పాత కావ్యాన్ని తగలబెట్టవలసిన అవసరం ఆయనకు రాలేదు.

ఈ మధ్య పిల్లలు "అథెంటిక్‌గా బతకడం" అంటున్నారు. దానికి తెలుగులో సరిపోయే ఒక్క మాట నాకు దొరకలేదు గాని, మన పెద్దలు వాడిన ఒక మాట మాత్రం ఉంది, ఆత్మవంచన లేకుండా బతకడం. ఈ రెంటికీ తేడా ఉంది. మొదటిది లోపల ఉన్న అసలు మనిషిని వెతికి పట్టుకోమంటుంది. రెండోది అలా వెతకమనదు, నిన్ను నువ్వు మోసం చేసుకోవద్దని మాత్రమే అడుగుతుంది. మోసం చేసుకుంటున్నామో లేదో తెలుసుకోవడం అసలు మనిషి ఎవరో తెలుసుకోవడం కంటే సులువు. మీరు చేసే ప్రతి పనికీ, మానేసే ప్రతి పనికీ ఎవరైనా ఎందుకని అడిగితే తల దించకుండా జవాబు చెప్పగలరా అన్నదే కొలత. ఈ కొలతతో మీ ఉత్తరంలోని చిక్కులను ఒక్కొక్కటిగా చూద్దాం.

వీటిలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది మీరు అత్తగారికి ఇచ్చిన మాట. ఆ మాట ఇచ్చిన మనిషిని నేను కాను, కాబట్టి ఆ మాట నాది కాదు అని ఎవరైనా మీకు నేర్పితే వినకండి. మనం మారినప్పుడల్లా పాత మాటలన్నీ రద్దయ్యేటట్టయితే ఎవరూ ఎవరి మాటా నమ్మలేరు. బతికున్న మనిషికి ఇచ్చిన మాటనైతే ఆ మనిషి దగ్గరికే వెళ్లి, నా పరిస్థితి ఇది, నన్ను వదిలిపెట్టమని అడగవచ్చు. పోయిన మనిషిని అలా అడగలేం. అందుచేత ఆ మాటను ఎక్కువ జాగ్రత్తగా పట్టుకోవాలి. జాగ్రత్తగా పట్టుకోవడమంటే, సరిగ్గా ఏ మాట ఇచ్చామో చూసుకోవడం కూడా.

మీ వాక్యం మళ్లీ చదవండి. తద్దినం మానకుండా "పెట్టించమని" మాట తీసుకున్నారని రాశారు. నమ్మమని ఆవిడ మిమ్మల్ని అడగలేదు, జరిగేలా చూడమన్నారు. పక్షవాతంతో నాలుగేళ్లు పడుకున్న మనిషి ఆ క్షణంలో భయపడింది తనను అందరూ మరిచిపోతారని. కొడుకు చేతిలో కాక కోడలి చేతిలో చెయ్యి వేసి అడిగారంటే, ఆ ఇంట్లో ఆవిడ ఎవరిని నమ్మారో అర్థమవుతోంది. ఆ నమ్మకాన్ని మీరు నిలబెట్టవచ్చు, నిలబెట్టాలి. అయితే తద్దినానికి కర్త మీవారు. మంత్రం చెప్పవలసింది, పిండం పెట్టవలసింది, విశ్వాసం అవసరమైతే అది ఉండవలసింది కొడుకుగా ఆయనకు. మీ వంతు మడి వంట. ఏడాదికి ఒక్కరోజు, ఆవిడకు ఇష్టమైనవి గుర్తుపెట్టుకుని, ఆవిడ కోసం వండడం మీకు భారంగా లేకపోతే వండండి. దేవుడిమీద నమ్మకం లేకుండా చేసినంత మాత్రాన అది ఆత్మవంచన కాదు, మనిషిమీద ప్రేమతో చేస్తున్నారు కాబట్టి. పోయిన మాఘంలో పొయ్యి ముందు నిలబడినప్పుడు మీ మనసులో ఏముందో మీకే తెలుసు. అది కోపమే అయితే, మడి వంట చేసేవారిని పిలిపించండి, మీరు పక్కన ఉండి జరిపించండి. మాట తప్పినట్టు కాదు. ఇంట్లోనే జరుగుతుంది, మడితోనే జరుగుతుంది, మానకుండా జరుగుతుంది.

వ్రతాలూ, నోములూ, పండక్కి నలభై మందికి వంటలూ మీరు ఇచ్చిన మాటలోకి రావు. అవి ఆనవాయితీలు. వాటిని మార్చే హక్కు మీకు ఉంది. కానీ ఇక్కడ మీరు ఒక పొరపాటు చేశారు. ఇరవై ఏళ్లకు పైగా ఒక గుమ్మంలో తాంబూలం తీసుకున్న ముత్తైదువలను ఆ గుమ్మంలోంచే వెనక్కి పంపే ముందు, నెల్లాళ్ల కిందటే ఒక మాట చెప్పవలసింది. చెబితే ఎందుకని అడుగుతారు, అడిగితే జవాబు చెప్పాలి, ఆ జవాబుకు భయపడి మీరు మౌనంగా ఊరుకున్నారు. ఆ మౌనం మీరు వదిలేద్దామనుకుంటున్న పాత భయమే. అది మడిచీర విప్పేసి మామూలు చీర కట్టుకుని వచ్చిందంతే. ఆ ఇద్దరి ఇళ్లకూ వెళ్లండి. నమ్మకాల గురించి చర్చ అక్కర్లేదు. "ఇప్పుడు నేను వ్రతం చేసుకోవడం లేదు, ముందుగా చెప్పకపోవడం నాదే పొరపాటు, మీరు వచ్చి వెళ్తూ ఉండండి" అంటే చాలు.

మీ ఆడపడుచు అన్న మాట క్రూరమైనది, అందులోనూ నలుగురి ముందు అన్నది. దాన్ని మింగి ఊరుకోమని నేను చెప్పను. కానీ ఆమె ఏం పోగొట్టుకుందో కూడా చూడండి. తల్లి పోయింది. ఆ ఇంట్లో శ్రావణ శుక్రవారం నాటి పసుపు వాసన, మామిడాకుల తోరణం, అమ్మ వండించే పూర్ణాలు ఆమెకు పుట్టిల్లు. మీకు అది ఒక నమ్మకం సడలడం, ఆమెకు అది పుట్టింటి తలుపు మూసుకోవడం. ఆమె ఒక్కర్తే ఉన్నప్పుడు కూర్చోబెట్టి చెప్పండి. "నువ్వు అందరి ముందూ అన్న మాట నన్ను చాలా బాధపెట్టింది. అత్తయ్య ఉన్నప్పుడు నేను చేసినవేవీ దొంగతనంగా చేయలేదు. ఇప్పుడు మానేసింది కూడా దొంగతనంగా మానేయలేదు, కాకపోతే ముందుగా చెప్పి ఉండవలసింది. ఇది నీ పుట్టిల్లు, నువ్వు ఎప్పుడొచ్చినా పసుపు కుంకుమలూ చీరా సిద్ధంగా ఉంటాయి." మీవారు సరేనంటే, అత్తగారు కలశానికి వాడిన వెండి చెంబు ఆమెకు ఇవ్వండి. ఆమె ఇంట్లో అది శ్రావణానికి బయటికి వస్తుంది, మీ బీరువాలో నల్లబడుతుంది.

మీవారు అన్న మాటను నేను నింద అనుకోవడం లేదు. ఇరవై తొమ్మిదేళ్లుగా తెలుసనుకున్న మనిషి ఇంకా పూర్తిగా తెలియదని ఆయనకు అర్థమైంది, అంతే. "ఎలా ఉంటాననుకున్నారు?" అని నెమ్మదిగా అడగండి. ఆగిపోయిన డిగ్రీ గురించి ఆయనతో ఎన్నిసార్లు మాట్లాడారో నాకు తెలియదు గాని, మీ మౌనంలోంచి ఆయన ఊహించుకోవాలని ఆశించడం న్యాయం కాదు. ఆయన కూడా తల్లిని పోగొట్టుకున్నారు, ఆ దుఃఖం గురించి మీ ఉత్తరంలో ఒక్క అక్షరం లేదు. పొద్దున్న నడకకు వారానికి ఒక్కరోజైనా ఆయన్ని తీసుకువెళ్లండి. ఎదురెదురుగా కూర్చుని చెప్పలేని మాటలు పక్కపక్కన నడుస్తూ చెప్పవచ్చు.

చదువు విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. దూరవిద్య నడిపే ఇగ్నో విశ్వవిద్యాలయంలో ఏటా జనవరి, జులై విడతల్లో ప్రవేశాలు జరుగుతాయి. పాత మార్కుల జాబితాలు ఎక్కడున్నాయో ముందు వెతకండి. అయితే ఆ డిగ్రీని మీరు మారారని రుజువు చేసే పత్రంలా చూడవద్దు. చరిత్ర మీకు ఇష్టం కాబట్టి చదవండి.

ఒంటి సంగతి కూడా ఒకటి ఉంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడమంతా ఆలోచనల వల్లే కాకపోవచ్చు. నలభై అయిదు, యాభై అయిదు ఏళ్ల మధ్య నెలసరి ఆగే దశలో నిద్ర చెదరడం, మనసు చికాకుగా ఉండడం సాధారణం. థైరాయిడ్ తేడా వచ్చినా అలాగే ఉంటుంది. నాలుగేళ్లు రోగిని చూసుకున్నవారికి ఆ పని ఒక్కసారిగా లేకపోవడం వల్ల వచ్చే దిగులు కూడా ఇలాగే కనిపిస్తుంది. ఒకసారి డాక్టరును కలిసి రక్తపరీక్షలు చేయించుకోండి. దేనిమీదా ఇష్టం లేకపోవడం, బతుకు వృథా అనిపించడం వంటివి రెండు వారాలకు మించి ఉంటే, ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు ఖర్చు ఉండదు. అలాంటిదేదైనా ఉందని తేలినంత మాత్రాన మీ మార్పు జబ్బని కాదు. నిద్ర సరిపడా ఉన్న మనిషి తన మార్పును ఇంకా స్పష్టంగా చూడగలుగుతుంది.

మీ అమ్మాయి ప్రశ్న మిగిలింది. ఏ మొహంతో చెప్పను అన్నారు. తల్లి మొహంతోనే చెప్పండి. వరలక్ష్మీ వ్రతం విధానం మీ నమ్మకం మీద ఆధారపడి లేదు, మీ అత్తగారి నుంచి మీకు, మీ నుంచి మీ అమ్మాయికి చేతుల ద్వారా అందుతున్న విద్య అది. దాన్ని దాచిపెట్టే హక్కు మీకు లేదు. అయితే ఆమెకు రెండు విషయాలూ చెప్పాలి. "విధానం మొత్తం చెబుతాను. నేను మాత్రం ఇప్పుడు చేసుకోవడం లేదు, నాకు ఆ నమ్మకం లేదు. నీకుంటే సంతోషంగా చేసుకో." ఇలా చెప్పిన తల్లిని చూసిన కూతురికి, రేపు తాను మారినప్పుడు మీ దగ్గర దాచవలసిన అవసరం ఉండదు. ఆమె మీలాగే మారాలని గానీ, మారకూడదని గానీ కోరుకోకండి.

ఈ శ్రావణానికి ఏం చేయమంటారని అడిగారు. పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం మీ ఇంట్లో వ్రతం ఉండదని ఆషాఢంలోనే అందరికీ చెప్పండి. ఆ రోజు ఉదయం ఏడు గంటలకు మీ అమ్మాయికి వీడియో కాల్ చేయండి. డాలస్‌లో అప్పటికి గురువారం రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది, ఆమె మర్నాటి కోసం అన్నీ సర్దుకుంటూ ఉంటుంది. కలశం కింద బియ్యం ఎంత పోయాలో, కొబ్బరికాయకు పసుపు ఎలా రాయాలో చెప్పండి. తొమ్మిది పోగుల దారం తీసుకుని, తోరానికి తొమ్మిది ముడులు ఎలా వేయాలో మీ వేళ్లతో చూపించండి. మొదటి ఏడాది మీకు ముడి జారిపోతుంటే అత్తగారు ఏమన్నారో అది కూడా చెప్పండి. ఫోను పెట్టేశాక, ఎండ ముదరక ముందే, నడకకు వెళ్లండి.